తెర మీద ముందు వరుస ఎవరిది?

ఫోన్‌లోకి వచ్చిపడే నోటిఫికేషన్లు ఎక్కువైపోయాయన్నది ఇంటింటా వినిపించే మాటే. వాటిలో ఏది ముందుండాలి, ఏది వెనక్కి పోవాలి, ఏది అసలు కంటపడకూడదు అన్నది తేల్చుకుంటే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. అందుకు కావాల్సిన ఏర్పాట్లు ఫోన్‌లోనే ఉన్నాయి.

బ్యాంకు ఖాతాలోంచి మనకు తెలియకుండా డబ్బు పోయిందనుకోండి. అందులో బ్యాంకు తప్పు లేదు, మన తప్పూ లేదు. అలాంటప్పుడు ఆ లావాదేవీ సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేస్తే ఖాతాదారు మీద పైసా భారం పడకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలు పడితే కొంత నష్టం భరించాలి. ఏడు దాటితే ఎంత వస్తుందన్నది ఆ బ్యాంకు విధానాన్ని బట్టి ఉంటుంది. 2017 జులైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమమిది. అంటే, తెర మీద మెరిసి మాయమయ్యే ఒక్క వాక్యాన్ని ఎప్పుడు చూశామన్న దాని మీద కష్టార్జితం తిరిగి రావడం ఆధారపడి ఉంది. కానీ డబ్బు పోయిందన్న కబురుకీ, బిర్యానీ మీద తగ్గింపు ఉందన్న కబురుకీ తెర మీద దక్కే చోటు ఒక్కటే, అక్షరాల సైజూ ఒక్కటే. నోటిఫికేషన్ల సంఖ్య కంటే ఈ సమానత్వమే పెద్ద సమస్య. ఏది ముందో మనం తేల్చకపోతే పంపేవారే తేలుస్తారు. అందుకే తెరను సర్దుకోవడం సాంకేతిక నిపుణులకు వదిలేయాల్సిన పని కాదు, ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరూ చేసుకోవాల్సిన పని.

కొత్తది పైన... పాతది కింద

2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే తెరను పైనుంచి కిందికి లాగితే నోటిఫికేషన్లన్నీ జాబితాగా కనిపించేవి. ఐఫోన్‌లో బయటి యాప్‌లు ఇలా కబుర్లు పంపే వీలు 2009లో వచ్చింది. వాటన్నిటినీ ఒకచోట చూపే నోటిఫికేషన్ సెంటర్ 2011లో ఐఓఎస్ 5తో మొదలైంది. అప్పట్లో ఫోన్‌లో ఉండే యాప్‌లే కొద్ది. మిస్డ్ కాల్, ఎస్సెమ్మెస్, మెయిల్ లాంటివాటికి 'కొత్తది పైన, పాతది కింద' అన్న పద్ధతి చక్కగా సరిపోయింది. యాప్‌లు పదుల్లోకి చేరాక అదే పద్ధతి బెడిసికొట్టింది. చివర వచ్చినదానికే పైచోటు అన్నప్పుడు, ఎక్కువసార్లు పంపేవారే ఎక్కువసేపు పైన ఉంటారు. నెలకోసారి వచ్చే కరెంటు బిల్లు గడువు, ఏడాదికోసారి వచ్చే బీమా ప్రీమియం కబురు, గంటకోసారి పలకరించే షాపింగ్ యాప్ కిందికి జారిపోతాయి. వాట్సాప్ చాట్ల జాబితాదీ ఇదే తీరు. పిన్ చేసుకున్నవి మినహా అన్నీ తాజాగా వచ్చిన వరుసలోనే ఉంటాయి. ఊళ్లో ఉన్న అమ్మ పొద్దున పెట్టిన ఒక్క మెసేజ్, నీళ్ల ట్యాంకర్ మీద అపార్ట్‌మెంట్ గ్రూపులో సాగిన చర్చ అడుగున పడిపోతుంది. ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఎవరు ఎప్పుడు వచ్చారని చూడరు, ఎవరి ప్రాణం ఎక్కువ ప్రమాదంలో ఉందో వారికే ముందు వైద్యం చేస్తారు. ఫోన్ తెరకు కావాల్సిన నియమమూ అదే.

తయారీ సంస్థలు ఈ సంగతి గ్రహించకపోలేదు. 2017లో ఆండ్రాయిడ్ 8 నోటిఫికేషన్ ఛానెళ్లను తెచ్చింది. యాప్ తాను పంపే కబుర్లను రకాలుగా విడదీసి చూపాలి. వాటిలో ఏది మోగాలో, ఏది చప్పుడు చేయకుండా రావాలో, ఏది అసలు రాకూడదో వాడేవారు నిర్ణయిస్తారు. ఒక రకాన్ని మనం సైలెంట్‌లో పెట్టాక యాప్ తనంతట తాను దాన్ని మళ్లీ మోగించలేదు. 2018లో ఐఓఎస్ 12 ఒకే యాప్ నుంచి వచ్చినవాటిని ఒక గుత్తిగా చేర్చింది. 2020లో ఆండ్రాయిడ్ 11 మనుషులు పంపిన సందేశాలకు మిగతావాటి కంటే పైన విడిగా చోటిచ్చింది. 2021లో ఐఓఎస్ 15 తొందరలేని కబుర్లను మనం చెప్పిన వేళకే మూటగా అందించే 'షెడ్యూల్డ్ సమ్మరీ'ని తెచ్చింది. మరుసటి ఏడాది ఐఓఎస్ 16 లాక్‌స్క్రీన్ మీద నోటిఫికేషన్లను అడుగు భాగానికి దించి, మూడు తీరుల్లో పరుచుకునే వీలు కల్పించింది. ఎన్ని వచ్చాయో అంకె మాత్రమే చూపేది 'కౌంట్', ఒకదాని మీద ఒకటి పేర్చి చూపేది 'స్టాక్', అన్నిటినీ విడివిడిగా పరిచేది 'లిస్ట్'. ఫోన్ మీదే ఆర్డర్లు తీసుకునే వ్యాపారికి లిస్ట్ నప్పుతుంది. పరీక్షలకు చదువుకునే విద్యార్థికి కౌంట్ మేలు, ఎవరు ఏం పంపారో కనిపించదు కాబట్టి చెయ్యి అటు పోదు. అయితే ఈ మూడూ పరిచే తీరును మారుస్తాయే తప్ప ఏది ముఖ్యమో చెప్పవు. అది చెప్పాల్సింది ఫోన్ యజమానే.

చూడకపోయినా భారమే

సర్దుకోకపోతే నష్టమేమిటన్న ప్రశ్నకు పరిశోధనల్లో సమాధానం దొరుకుతుంది. అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఏకాగ్రత అవసరమైన పని చేస్తున్నవారికి ఫోన్ మోగినట్టో, వైబ్రేట్ అయినట్టో తెలిస్తే చాలు, దాన్ని తీసి చూడకపోయినా పనిలో తప్పులు పెరిగాయి. అంటే నష్టం తెరను తాకినప్పుడు కాదు, చప్పుడు వినిపించినప్పుడే మొదలవుతోంది. 2014లో 15 మంది ఫోన్లను గమనించిన ఒక చిన్న అధ్యయనంలో సగటున రోజుకి 63.5 నోటిఫికేషన్లు వచ్చినట్టు తేలింది. వాటిలో ఎక్కువ భాగం మెసేజ్‌లు, మెయిళ్లే. ఇక 2019లో వెలువడిన మరో అధ్యయనం మన వాదానికి ఆయువుపట్టు. 237 మందిని బృందాలుగా విడదీశారు. కొందరికి కబుర్లు ఎప్పటిలాగే వచ్చాయి, కొందరికి నిర్ణీత వేళల్లో మూటగా వచ్చాయి, కొందరికి అసలే రాలేదు. రోజుకి మూడుసార్లు మూటగా అందుకున్నవారు తమకు ధ్యాస కుదిరిందనీ, మనసు తేలికపడిందనీ, ఫోన్ తమ అదుపులో ఉన్నట్టుందనీ చెప్పారు. అసలే అందుకోనివారికి ఆ మేలు పెద్దగా దక్కకపోగా, ఏదో తెలియకుండా పోతోందన్న ఆందోళన పెరిగింది. మోతకీ మౌనానికీ మధ్య మేలు చేసింది క్రమమే.

అన్నీ ఆపేస్తే పోదా?

నోటిఫికేషన్లన్నీ ఆపేయమన్నది తరచుగా వినిపించే సలహా. ధ్యానం చేసుకునే గంటకో, నిద్రవేళకో ఈ సలహా మంచిదే. రోజంతటికీ మాత్రం మన బతుకుల్లో కుదరదు. ఓటీపీ ఫోన్‌లోకే వస్తుంది, పిల్లల స్కూలు సెలవు కబురూ అందులోకే వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో 'మన మిత్ర' పేరుతో పౌరసేవలనే వాట్సాప్‌లోకి తెచ్చింది. విపత్తు వేళ జనాన్ని అప్రమత్తం చేసే సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికలను 2023లో దేశంలో విడతలవారీగా పరీక్షించారు. ఇన్ని అవసరాలు ఒకే తెరలోకి చేరాక తలుపు మూసేయడం పరిష్కారం కాదు. దీనికి మన వీధి వ్యాపారులు ఏనాడో చక్కని దారి చూపారు. పాలబూత్ దగ్గర, టిఫిన్ బండి దగ్గర వినిపించే సౌండ్‌బాక్స్‌ను గమనించండి. యూపీఐ డబ్బు జమైందన్న ఒక్క కబురును ఫోన్ గోలలోంచి బయటికి తీసి, దానికంటూ ఒక గొంతు ఇచ్చారు. తెలుగులోనే ఎంత పడిందో చెబుతుంది, మరేమీ చెప్పదు. చేతులు పిండిలో ఉన్నా, ఫోన్ జేబులో ఉన్నా పని ఆగదు. తమకు ఏది కీలకమో తెలుసుకుని, దాన్ని మిగతావాటి నుంచి వేరుచేయడమే ఆ చిన్న పెట్టె వెనకున్న తెలివి.

ఆ తెలివిని మన తెరకు తెచ్చుకోవాలంటే ప్రతి కబురునూ రెండు ప్రశ్నలు అడిగితే చాలు. ఆలస్యంగా చూస్తే నష్టమా? నా కోసమే ఒక మనిషి పంపిందా? రెండింటిలో ఒక్కదానికి అవునన్నా అది ముందు వరుస. ఇంట్లోవాళ్ల మెసేజ్‌లు, బ్యాంకు లావాదేవీలు, దారిలో ఉన్న క్యాబ్ ఇందులోకి వస్తాయి. ఇవి మోగాలి, తెర మీద కనిపించాలి. బ్యాంకు వివరాల్ని, ఓటీపీల్ని మాత్రం తాళం తీశాకే చూపేలా పెట్టుకోవాలి, ఎందుకంటే ముందు వరుసలో ఉన్నది పక్కవాడి కంటికీ ముందే ఉంటుంది. బంధువుల గ్రూపులు, మెయిళ్లు, వార్తలు రెండో వరుస. వాటిని చప్పుడు లేకుండా రానిచ్చి, మనకు వీలైన వేళ చూసుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో నోటిఫికేషన్‌ను వేలితో కాసేపు నొక్కి ఉంచితే దాన్ని సైలెంట్‌లోకి మార్చే వీలు అక్కడే కనిపిస్తుంది. వాట్సాప్‌లో ఆర్కైవ్ చేసిన గ్రూపు, కొత్త మెసేజ్ వచ్చినా ఆర్కైవ్‌లోనే ఉండేలా 2021లో మార్పు చేశారు. ఆఫర్లు, గేముల పిలుపులు, 'మిమ్మల్ని మిస్సవుతున్నాం' అనే యాప్‌లు మూడో వరుస. వాటిని నిస్సంకోచంగా ఆపేయొచ్చు.

యంత్రానికే వదిలేద్దామంటే...

కృత్రిమ మేధ ఉండగా ఈ శ్రమంతా మనకెందుకన్న వాదనా ఉంది. 2024లో యాపిల్ నోటిఫికేషన్లను కృత్రిమ మేధతో కుదించి చూపడం మొదలుపెట్టింది. ఆ ఏడాది డిసెంబరులో బీబీసీ ఈ కుదింపుల్లో తన పేరుతో తప్పుడు శీర్షిక ప్రచారమైందని ఫిర్యాదు చేసింది. 2025 జనవరిలో వార్తల యాప్‌లకు ఆ సౌకర్యాన్ని యాపిల్ తాత్కాలికంగా నిలిపేసింది. వాక్యాన్ని కుదించడంలోనే ఇంత పొరపాటు జరిగితే, ప్రాధాన్యాన్ని పూర్తిగా దానికే అప్పగించడం తొందరపాటు. పైగా ఇలాంటి వ్యవస్థలు మనం తరచూ దేన్ని నొక్కుతామో చూసి నేర్చుకుంటే, క్రికెట్ స్కోరు ముందుకొచ్చి బీమా గడువు వెనక్కిపోతుంది. మనం నొక్కేదీ మనకు అవసరమైనదీ ఎప్పుడూ ఒకటి కావు. యంత్రాన్ని సాయానికి పెట్టుకోవచ్చు, పెద్దరికం మాత్రం ఇవ్వకూడదు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటుంది. పొలం పనుల్లో, కొట్టు పనుల్లో మునిగినవారికీ, కళ్లు సరిగా ఆనని పెద్దలకూ సెట్టింగ్స్ లోతుల్లోకి వెళ్లే తీరిక ఎక్కడిది? ఇది న్యాయమైన ప్రశ్న. ఇంట్లో పిల్లలు కూర్చుని ఒకసారి సర్ది పెట్టడం తక్షణ సాయం. కానీ అసలు బాధ్యత ఫోన్లు తయారుచేసేవారిదీ, యాప్‌లు తయారుచేసేవారిదీ. కొత్త యాప్ నోటిఫికేషన్లు పంపేముందు మన అనుమతి అడగాలన్న నియమం ఆండ్రాయిడ్‌లో 2022 దాకా రాలేదు. ప్రచార నోటిఫికేషన్లకు వాడేవారి స్పష్టమైన సమ్మతి ఉండాలని యాపిల్ 2020లో తన నిబంధనల్లో రాసింది. అయినా ఆర్డరు కబుర్లు వచ్చే దారిలోనే ఆఫర్లనూ కలిపి పంపే యాప్ ముందు మనం నిస్సహాయులమే. ఆ దారి మూస్తే ఆర్డరు సంగతీ తెలియదు. ఛానెళ్ల పేర్లు పెట్టేదీ యాప్ తయారీదారులే. వారు తెలుగులో రాయకపోతే, ఫోన్ మొత్తం తెలుగులో పెట్టుకున్నా ఆ పేర్లు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ఏది మూస్తున్నామో చదవలేనివారికి ఎంచుకునే హక్కు ఉన్నట్టా?

ఉచితంగా సేవలందించే యాప్‌లు ప్రచారం చేసుకోకపోతే ఎలా నిలబడతాయని వ్యాపారులు అడుగుతారు. చెప్పుకోవద్దని ఎవరూ అనడం లేదు. ఓటీపీ పక్కన కూర్చుని చెప్పవద్దనే కోరుతున్నది. విసిగినవారు యాప్ మొత్తాన్నే నోరు మూయిస్తే నష్టం వ్యాపారికే. ఎస్సెమ్మెస్‌ల విషయంలో ఈ వేర్పాటు సాధ్యమేనని మన దేశం చూపింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో తెచ్చిన సవరణతో పంపినవారి పేరు చివర ప్రచారానికి 'పీ', సేవలకు 'ఎస్', లావాదేవీలకు 'టీ', ప్రభుత్వానికి 'జీ' అన్న గుర్తు వస్తోంది. యాప్‌లకు అలాంటి నియమం ఎందుకుండకూడదు? ప్రచారాన్ని విధిగా వేరే ఛానెల్‌లో పెట్టాలి, అది మనం తెరిచేదాకా సైలెంట్‌లోనే ఉండాలి, దాని పేరు మన భాషలో కనిపించాలి. వినియోగదారులను పదేపదే వేధించే పద్ధతిని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లోనే వాడేవారిని మభ్యపెట్టే ఎత్తుగడల, అంటే డార్క్ ప్యాటర్న్‌ల జాబితాలో చేర్చింది. ఆ మాట తెర మీద అమలవ్వాలంటే ఈ మూడు నిబంధనలూ కావాలి. అవి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పంపేవారికి చెప్పుకునే హక్కుంది. ముందు ఎవరి మాట వినాలో తేల్చుకునే హక్కు మనది. ఆ హక్కును వాడుకునేవారు పెరిగితే, నియమాలు రాసేవారికి అది జవాబు చెప్పక తప్పని ప్రశ్న అవుతుంది.