లెక్కలోకి రాని రెండో పొయ్యి

లక్డీకాపూల్ అన్న పేరులోనే కట్టె ఉంది. లక్డీ అంటే కట్టె, పుల్ అంటే వంతెన. ఒకప్పుడు అక్కడ ఉన్న చెక్క వంతెన ఏనాడో పోయింది. పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆ కూడలిలో నిలబడితే కనిపించేవి బస్సులు, ఆటోలు, తల మీదుగా సాగిపోయే మెట్రో రైలు. సిగ్నల్ దగ్గర ఆగినవారిలో చాలామంది ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటారు. నగరంలో గాలి పాడైపోయిందని విసుక్కుంటారు. నిజమే. కానీ ఇంటి గడప తొక్కగానే ఆ రుమాలు జేబులోకి వెళ్లిపోతుంది. మన ఇంట్లో గాలి మంచిదేనని మన నమ్మకం.

ఆ నమ్మకం మాకూ ఉండేది. మా నానీ ఇంట్లో బావర్చీఖానా గోడలు నల్లగా నిగనిగలాడేవి. సెహరీ వేళ ఆమె ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతుంటే ఆ చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. ఊది ఊది ఆమె దగ్గేది. కళ్లు తుడుచుకునేది. దాన్ని మేమెవరమూ జబ్బనుకోలేదు. పొయ్యి ఉన్నచోట పొగ ఉంటుంది, పొగ ఉన్నచోట దగ్గు ఉంటుంది, అంతే అనుకున్నాం. జీవితంలో ఒక్క బీడీ ముట్టని ఆమె చివరి సంవత్సరాల్లో నాలుగు మెట్లెక్కితే ఆయాసంతో కూలబడేది. డాక్టరుకు చూపించినప్పుడు ఆయన మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న: "ఈమె ఎన్నేళ్లు కట్టెల పొయ్యి మీద వండారు?" ఇంటిల్లిపాదీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. కట్టెలకు ఎంత ఖర్చయిందో మామూకు తెలుసు. ఆ ఏళ్లను మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు.

పొగలో ఏముంది?

కట్టె పూర్తిగా మండితే పొగ ఉండదు. కానీ మన పొయ్యిల్లో కట్టె పూర్తిగా మండదు. అందులో తేమ ఉంటుంది. మంటలో వేడి కొంత ఆ తేమను ఆవిరి చేయడానికే పోతుంది. చాలినంత గాలి అందక మండకుండా మిగిలిపోయినదంతా పొగగా లేస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి విషవాయువులతో పాటు కంటికి ఆనని నుసి ఉంటుంది. రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్నవైన ఈ రేణువులు మన తలవెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతుకు మించవు. ముక్కులోని వెంట్రుకలు గానీ గొంతులోని తేమ గానీ వీటిని ఆపలేవు. నేరుగా ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్లి కూర్చుంటాయి. దుపట్టా, చీర కొంగు అడ్డం పెట్టుకున్నా ఇవి ఆగవు.

గాలి ఆడని వంటగదిలో ఈ రేణువులు ఉండదగిన మోతాదు కంటే వంద రెట్ల వరకు పెరగవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020 ఒక్క సంవత్సరంలోనే ఇంటి పొగ వల్ల ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది మరణించారని ఆ సంస్థ అంచనా. గుండెపోటు, పక్షవాతం, ఆయాసం, ఊపిరితిత్తుల క్యాన్సర్, న్యుమోనియా ఈ మరణాలకు దారులు. కళ్లలో శుక్లాలకు కూడా పొగ ఒక కారణమని వైద్యులు గుర్తించారు.

తల్లి చంకలో బిడ్డ

లక్డీకాపూల్ నుంచి నాలుగడుగులు వేస్తే రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి. తన దగ్గర పనిచేసే ఒకామె ప్రసవంలో మరణించడంతో చలించిపోయిన నిజాం కోడలు నిలోఫర్ పూనికతో 1953లో వెలసిన ఆసుపత్రి ఇది. చలికాలంలో దగ్గు, ఆయాసం, పక్కలెగరేయడంతో బాధపడే పసిపిల్లలను తల్లులు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి తెస్తారు. చలిగాలి తగిలిందనో, దిష్టి తగిలిందనో అనుకుంటారు. పొయ్యి సంగతి ఎవరికీ గుర్తు రాదు.

అయిదేళ్లలోపు పిల్లల న్యుమోనియా మరణాల్లో దాదాపు సగానికి ఇంటి పొగే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. పొయ్యి దగ్గర ఎక్కువసేపు ఉండేది తల్లి. ఆమె చంకనో, పక్కన చాప మీదనో ఉండేది బిడ్డ. పసివాళ్లు పెద్దల కంటే వేగంగా ఊపిరి పీలుస్తారు. వారి ఊపిరితిత్తులు ఇంకా పెరిగే దశలోనే ఉంటాయి. ఇంట్లో అందరికంటే తక్కువ తినేవారికే అందరికంటే ఎక్కువ పొగ దక్కుతోందన్న మాట.

గ్యాసు వచ్చింది, పొయ్యి ఆరలేదు

"ఇప్పుడు అందరికీ గ్యాసు ఉంది కదా?" అని మీరు అడగవచ్చు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్వల పథకం మొదలయ్యాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద నూటికి 59కి దగ్గరగా కుటుంబాలు వంటకు గ్యాసు, కరెంటు వంటి పొగలేని ఇంధనం వాడుతున్నట్టు తేలింది. తెలంగాణలో అది నూటికి తొంభై దాటింది. ఇది సంతోషించదగ్గ మార్పే.

అయితే ఈ సర్వేలో అడిగేది వంటకు ముఖ్యంగా ఏది వాడతారని. మా నానీ ఇంట్లోనూ గ్యాసు వచ్చింది. చాయ్, కూర దాని మీద. స్నానాల నీళ్లు, పాయా, పండుగనాటి బిర్యానీ మాత్రం పెరట్లోని కట్టెల పొయ్యి మీద. సిలిండరు నెలాఖరు దాకా రావాలి కదా! ఇలా గ్యాసు పొయ్యి పక్కన మండే రెండో పొయ్యి ఏ లెక్కలోకీ రాదు. ఊపిరితిత్తులు మాత్రం దాన్ని లెక్కపెట్టుకుంటూనే ఉంటాయి.

నగరం పొలిమేర దాటితే ఇది మరింత స్పష్టం. హైదరాబాదు చుట్టుపక్కల 28 గ్రామాల్లో మూడువేల ఏడువందల మందికి పైగా స్త్రీ పురుషులపై పరిశోధకులు జరిపిన అధ్యయనం 2020లో వెలువడింది. రాజధానికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లలోనూ నూటికి 58 మంది ఇళ్లలో కట్టెల వంటి ఇంధనమే వాడినట్టు అందులో నమోదైంది. పైగా ఇంటి పొగ ఇంట్లోనే ఉండిపోదు. 2015లో మన దేశపు బయటి గాలిలోని సూక్ష్మ ధూళిలో సుమారు నాలుగో వంతు ఇళ్లలో కట్టెలు, పిడకలు కాల్చడం వల్ల వచ్చిందేనని ఒక అంచనా. లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర మనం రుమాలు అడ్డం పెట్టుకునే గాలిలో ఏదో ఒక ఇంటి పొయ్యి పొగ కూడా ఉంది.

పొగ కనిపించని ప్రమాదం

చలికాలంలో అంగీఠీలో బొగ్గులు రాజేసి, తలుపులు బిగించుకుని పడుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. ఎర్రగా కణకణలాడే బొగ్గుకు పొగ రాదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. తలనొప్పి, మగత, ఆపైన నిద్రలోనే మరణం.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు అందులోని వారితో సహా కాలిపోయినప్పుడు, అగ్ని మీకు శత్రువని, పడుకునే ముందు దాన్ని ఆర్పివేయాలని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించిన ఉదంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి ఆ హెచ్చరిక ఈనాటి మన పడకగదికీ వర్తిస్తుంది.

ఏం చేయగలం?

కట్టెలు కాల్చేవారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. సిలిండరు కొనలేని ఇల్లాలికి పొగ గురించి ఉపన్యాసాలు అక్కరలేదు. ఆమెకు కావలసింది సిలిండరు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో 500 రూపాయలకు సిలిండరు పథకం, ఆంధ్రప్రదేశ్‌లో అదే సంవత్సరం దీపావళికి ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల పథకం మొదలయ్యాయి. అర్హత ఉండీ కాగితాలు లేక ఆగిపోయిన కుటుంబాలు మన మొహల్లాలో ఉంటే, చదువుకున్న పిల్లలు వారికి దరఖాస్తు నింపిపెట్టవచ్చు. స్తోమత ఉన్నవారు ఒక సిలిండరు పట్టించి ఇవ్వవచ్చు. అది కూడా దానమే.

కట్టెలు తప్పనిసరి అయిన ఇళ్లలో పొయ్యిని ఆరుబయట పందిరి కిందికి మార్చాలి. అడితీ నుంచి తెచ్చిన కట్టెలను సన్నగా చీల్చి బాగా ఎండబెట్టాలి. పప్పు, బియ్యం ముందే నానబెట్టి, గిన్నె మీద మూత పెడితే పొయ్యి మండే సమయం తగ్గుతుంది. కూలగొట్టిన ఇళ్ల రంగు వేసిన చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు, ప్లాస్టిక్ ఎట్టి పరిస్థితిలోనూ పొయ్యిలో పెట్టకూడదు. బిడ్డను పొయ్యి దగ్గరికి రానివ్వకూడదు. చాలీస్‌వాఁ కాని పసికందు ఉన్న గదిలో లోబాన్ పొగ వేయడం కూడా మానుకుంటే మంచిది. సువాసన ఉన్నంత మాత్రాన అది పొగ కాకుండా పోదు.

ఇక దావత్ సంగతి. గల్లీలో ఇటుకలు పేర్చి దేగ్‌ల కింద తెల్లవార్లూ కట్టెలు మండిస్తాం. కట్టెల మీద వండితేనే ఆ రుచి అంటాం. పక్కింట్లో ఆయాసంతో ఉన్న ముసలాయన కిటికీ మూసుకుని కూర్చుంటాడు. షోర్బా వండితే కాసిని నీళ్లు ఎక్కువ పోసి పొరుగువారిని తలుచుకోమని దైవప్రవక్త (సల్లం) అబూజర్ (రజి)కి బోధించారు. పొరుగింటికి మన గిన్నె కంటే ముందు మన పొగ చేరితే అది ఏపాటి ఆతిథ్యం?

ఈ శుక్రవారం జుమా నమాజు తర్వాత భోజనానికి కూర్చునే ముందు, మన ఇళ్లలోని మగవాళ్లం ఒక్కసారి వంటింట్లోకి తొంగిచూద్దాం. పెరట్లో రెండో పొయ్యి మండుతోందా? దాని ముందు కూర్చున్నది ఎవరు? ఆమె ఎన్నేళ్లుగా అక్కడ కూర్చుంటోంది? మా నానీ విషయంలో ఈ లెక్క డాక్టరు అడిగేదాకా మాకు తట్టలేదు. మీ ఇంట్లో ఆ ప్రశ్న డాక్టరు అడగకముందే మీరే అడగండి.