రెప్ప వెంట్రుక మోయగలిగినంత

పెళ్లికూతురు పార్లర్‌లో వెల్లకిలా పడుకుని ఉంటుంది. కళ్లు మూసే ఉండాలి. కింది రెప్ప వెంట్రుకలు పైవాటికి అంటుకోకుండా జెల్ ప్యాడ్ వేస్తారు. తల దగ్గర కూర్చున్న అమ్మాయి చేతుల్లో రెండు పట్టకార్లు. ఒకదానితో ఒకే ఒక్క వెంట్రుకను పక్కవాటి నుంచి విడదీస్తుంది. రెండోదానితో సన్నటి నల్లపోగును పట్టుకుని, మొదలు జిగురులో అద్ది, ఆ వెంట్రుకకు అతికిస్తుంది. ఇలా ఒక్కో కంటికి వంద దాకా. పని పూర్తయ్యేసరికి రెండు గంటలు గడిచిపోతాయి. ఐలాష్ ఎక్స్‌టెన్షన్ అంటే ఇదే.

ఇది చర్మానికి అతికే వస్తువు కాదు, వెంట్రుకకు అతికేది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఏ రకం ఎంచుకోవాలో, ఎలా చూసుకోవాలో చాలావరకు దానంతటదే తెలిసిపోతుంది. అందుకే ముందు మన వెంట్రుక సంగతి చూద్దాం.

పై రెప్పకు సుమారు 90 నుంచి 160, కింది రెప్పకు 75 నుంచి 80 వెంట్రుకలు ఉంటాయి. తల వెంట్రుక ఏళ్ల తరబడి పెరుగుతుంది. రెప్ప వెంట్రుక పెరిగేది కొద్ది వారాలే, అదీ రోజుకు 0.12 మిల్లీమీటర్ల చొప్పున. తర్వాత ఎదుగుదల ఆగి, కొన్ని నెలలు అలాగే నిలిచి ఉండి, చివరికి రాలిపోతుంది. దాని చోట కొత్తది మొలుస్తుంది. రెండు కళ్లకూ కలిపి రోజుకు ఒకటి నుంచి అయిదు దాకా రాలడం మామూలే. అంటే ఏ రోజు చూసినా రెప్ప అంచున నిన్న మొలిచిన లేత వెంట్రుక, రేపు రాలబోయే ముదురు వెంట్రుక పక్కపక్కనే ఉంటాయి. పని తెలిసినవాళ్లు ఆ లేతవాటిని ముట్టుకోరు. అన్నిటికీ అతికించి నిండుగా చూపించేవాళ్ల దగ్గరే నాకు భయం. లేత వెంట్రుక బరువుకు వంగిపోతుంది, కుదుళ్ల మీద లాగుడు పడుతుంది. ఆ లాగుడు నెలల తరబడి సాగితే అక్కడ వెంట్రుకలు పలచబడతాయి. తల వెంట్రుకలను రోజూ బిగించి జడ వేస్తే నుదుటి దగ్గర ఊడిపోతాయే, ఇదీ అంతే.

మరి పొడవు? అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 2015లో దీని మీద ముచ్చటైన పని చేశారు. 22 రకాల క్షీరదాల కళ్లను కొలిచి చూస్తే, రెప్ప వెంట్రుకల పొడవు కంటి వెడల్పులో దాదాపు మూడో వంతు ఉన్నట్టు తేలింది. నమూనా కంటిని గాలి సొరంగంలో పెట్టి చూస్తే, ఆ పొడవు దగ్గరే కంటి తడి తక్కువగా ఆరింది, దుమ్ము తక్కువగా పడింది. అంతకన్నా పొడవైతే, అవే వెంట్రుకలు గాలిని గరాటాలా కంటి మీదికి మళ్లించాయి. మన కన్ను వెడల్పు మూడు సెంటీమీటర్లు అనుకుంటే మూడో వంతు ఒక సెంటీమీటరు. పై రెప్ప వెంట్రుకలు సహజంగా ఉండేదీ 8 నుంచి 12 మిల్లీమీటర్లే. కాబట్టి 15, 16 మిల్లీమీటర్ల పోగులు ఫొటోలో ఎంత బాగున్నా, బండి మీద ఆఫీసుకు వెళ్లే మనిషికి, ఏసీ గదిలో రోజంతా కంప్యూటర్ చూసే మనిషికి నేను చెప్పను. సొంత వెంట్రుక కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ చాలు.

పొడవు కన్నా తక్కువమంది పట్టించుకునేది మందం. 0.15, 0.20 అని పెట్టె మీద రాసి ఉండే అంకెలు మిల్లీమీటర్లలో పోగు మందం. 0.15కీ 0.20కీ తేడా ఎంతలే అనిపిస్తుంది. కానీ ఒకే పొడవుండే పోగుల బరువు మందాన్ని బట్టి కాదు, మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లెక్క కడితే 0.20 పోగు 0.15 కన్నా దాదాపు 1.8 రెట్లు బరువు. 0.10తో పోలిస్తే నాలుగు రెట్లు. వెంట్రుకకు ఒక్క పోగే అతికించే పద్ధతిని క్లాసిక్ అంటారు. వాల్యూమ్ అనే పద్ధతిలో 0.05 లేదా 0.07 మందం పోగులు మూడో నాలుగో కలిపి విసనకర్రలా విప్పి ఒకే వెంట్రుకకు పెడతారు. ఎక్కువ పోగులు కాబట్టి ఎక్కువ బరువు అనుకోనక్కర్లేదు. 0.07 పోగులు నాలుగు కలిస్తే బరువు ఒక్క 0.15 పోగుకు కాస్త తక్కువే. పలుచటి వెంట్రుకలవాళ్లకు నిండుదనం కావాలంటే నా ఓటు దీనికే. ఇక మింక్, సిల్క్ అనే పేర్లకు మురిసిపోనక్కర్లేదు. ఆ పేర్లతో దొరికేవి చాలావరకు పీబీటీ అనే ప్లాస్టిక్ పోగులే. మింక్ వెంట్రుకా కాదు, పట్టుదారమూ కాదు. సీ, డీ అనే అక్షరాలు వంపును చెబుతాయి, అంతే.

అసలు కథ జిగురుది. 1942లో ఈస్ట్‌మన్ కోడక్‌లో హ్యారీ కూవర్ అనే రసాయన శాస్త్రవేత్త తుపాకుల గురి అద్దాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతూ సయనోయాక్రిలేట్లను పరీక్షించాడు. తాకిన ప్రతిదానికీ అంటుకుపోతున్నాయని పక్కన పెట్టేశాడు. 1951లో ఆయన బృందం వాటిని మళ్లీ చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక ఖరీదైన పరికరంలోని పట్టకాలు (ప్రిజమ్‌లు) రెండూ అంటుకుపోయాయి. ఈసారి ఆ అంటుకునే గుణమే అక్కరకొచ్చింది. 1958లో అది బజారుకెక్కింది. విరిగిన బొమ్మలు అతికించే సూపర్ గ్లూ, రెప్పల జిగురు ఒకే కుటుంబానివి. అలాగని ఇంట్లో ఉన్న ట్యూబు తీసి రెప్పకు రాసుకోకూడదు. కంటి దగ్గర వాడేదాన్ని వేరేగా తయారుచేస్తారు.

ఈ జిగురు ఆరదు, గట్టిపడుతుంది. గాలిలోని తేమ తగలగానే దాని అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులవుతాయి. తేమ మరీ ఎక్కువైతే ఆ పని హడావిడిగా జరిగి, జిగురు తెల్లబడి పెళుసుబారుతుంది. మరీ తక్కువైతే పట్టు ఆలస్యంగా వస్తుంది. అందుకే ఉక్కపోసే విశాఖలో బాగా పనిచేసిన జిగురు ఏప్రిల్ నెల హైదరాబాద్‌లో మొండికేయవచ్చు. గదిలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టుకున్న పార్లర్ కనిపిస్తే అక్కడ పని తెలిసినవాళ్లు ఉన్నారని నేను నమ్ముతాను. ఇందులో ఒక చుట్టరికం కూడా ఉంది. ఈ జిగురుకు నలుపు సాధారణంగా కార్బన్ మసి వల్ల వస్తుంది. ఆముదపు దీపం మీద పళ్లెం బోర్లించి మన అమ్మమ్మలు పట్టిన కాటుకదీ అదే మసి.

గట్టిపడేటప్పుడు వచ్చే ఆవిరి కంటిని మండిస్తుంది. కళ్లు మధ్యలో తెరవొద్దనడం, కాంటాక్ట్ లెన్సులు ముందే తీసేయమనడం అందుకే. ఈ మంట కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. అలర్జీ తీరు వేరు. ఒకటి రెండు రోజుల తర్వాత రెండు రెప్పలూ ఉబ్బి, విపరీతమైన దురద పెడుతుంది. నాలుగుసార్లు ఏమీ కాకపోయినా అయిదోసారి రావచ్చు. వచ్చాక ప్రతిసారీ ముదరవచ్చు. 2012లో జపాన్ వైద్యులు ఎక్స్‌టెన్షన్ల తర్వాత కంటి బాధలతో వచ్చిన 107 మంది మహిళల వివరాలు ప్రచురించారు. ఎక్కువమందికి కనుగుడ్డు పైపొర వాచి ఎర్రబడింది, ఆ తర్వాతి స్థానం రెప్పల అలర్జీది. పరీక్షించిన జిగురులన్నిటిలో ఫార్మాల్డిహైడ్ కనిపించింది. కాబట్టి పెళ్లికి ముందు రోజు మొదటిసారి వేయించుకోవడం వద్దు. రెండు మూడు వారాల ముందే నాలుగైదు పోగులు మాత్రం పెట్టించుకుని రెండు రోజులు చూడండి. రెప్ప అంచుల్లో పొట్టు రాలుతున్నా, కళ్లు పొడిబారుతున్నా, కురుపు లేచినా ముందు కంటి డాక్టరు దగ్గరికే వెళ్లాలి. ఒక్క రోజు ఫొటోల కోసమే అయితే రాత్రికి తీసేసే స్ట్రిప్ లాషెస్ సరిపోతాయని నా గట్టి అభిప్రాయం.

వేయించుకున్నాక మొదటి రోజు నీళ్లు, ఆవిరి తగలనివ్వద్దని చాలాచోట్ల చెబుతారు. జిగురు లోపలిదాకా కుదురుకోవడానికి ఆ వ్యవధి. చిక్కు ఎక్కడొస్తుందంటే, చాలామంది ఆ తర్వాత కూడా ఊడిపోతాయని భయపడి రెప్పలు కడగరు. రెప్ప అంచున నూనె గ్రంథులు ఉంటాయి. వెంట్రుక కుదుళ్లలో డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగులు మనందరిలో చాలామందికి ఉంటాయి. కడగకపోతే నూనె, పొట్టు, పొడి అన్నీ మొదళ్లలో పేరుకుని వాటికి విందవుతుంది, రెప్పలు వాస్తాయి. నూనె లేని నురుగు క్లెన్సర్‌ను మెత్తటి కుంచెతో మొదళ్ల దగ్గర రుద్ది, చల్లటి నీళ్లతో కడిగి, టిష్యూతో అద్ది, చిన్న బ్రష్‌తో దువ్వండి. రోజూ చేయాల్సిన పని ఇదొక్కటే. నూనె జిగురు పట్టును సడలిస్తుందని నిపుణులు చెబుతారు. అందుకని తలంటు రోజు నూనె ముఖం మీదికి కారకుండా, కుంకుడు రసం కళ్లలో పడకుండా తల వెనక్కి వాల్చి పోయించుకోండి. నెయ్యితో చేసిన కాటుక ఆ కొన్ని వారాలు పక్కన పెట్టండి. బోర్లా పడుకునేవాళ్లకు ఒక వైపే ముందుగా ఊడిపోతాయి, దిండు రాపిడి.

రెండు మూడు వారాలకు రీఫిల్ ఎందుకంటే, రాలినవాటి చోటు నింపడానికే కాదు. పెరుగుతున్న వెంట్రుక అతుకును కూడా ముందుకు మోసుకుపోతుంది. రోజుకు 0.12 చొప్పున మూడు వారాల్లో 2.5 మిల్లీమీటర్లు. బరువు మొదలుకు దూరమయ్యేకొద్దీ చేతికర్ర చివర మూట కట్టినట్టు లాగుడు పెరుగుతుంది, పోగు మెలి తిరుగుతుంది. అలాంటివి తీసేసి కొత్తవి పెట్టాలి. ఇంట్లో మీరే పీకొద్దు. జిగురును మెత్తబరిచే క్రీము పార్లర్‌లో ఉంటుంది. గోళ్ల రంగు తుడిచే ఎసిటోన్ కంటి దరిదాపుల్లోకి రాకూడదు.

పొద్దున దిండు మీద రాలిన పోగు కనిపిస్తే వెలుతురుకు పట్టి చూడండి. దానికి మీ సన్నటి వెంట్రుక ఒక్కటి అంటుకుని ఉంటే దాని ఆయుష్షు తీరి రాలింది. ఒట్టి పోగే ఉంటే జిగురు వదిలింది. రెండు మూడు వెంట్రుకలు కలిసి అంటుకుని ఉంటే, అతికించినవాళ్లు వాటిని సరిగా విడదీయలేదు. మిగతావి ఊడేదాకా ఆగకుండా ఆ రోజే వెళ్లి తీయించుకోండి.