సూర్యుణ్ణి కన్నంలోంచి పంపేసే అద్దం

చేత్తో సూర్యుణ్ణి మూస్తే చుట్టూ ఉండే పలచని వెలుగు, అంటే కరోనా, ఎందుకు కనబడదని మా తుంబలహళ్లి బడిలో ఒక పిల్ల అడిగింది. గ్రహణంలో చంద్రుడు చేసేదీ అదే కదా! 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ గ్రహణంలో జపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర రెండు నిమిషాల పైచిలుకు కరోనా కనువిందు చేసింది. తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లకు కాదనుకోండి.

తేడా గాలిలో ఉంది. చంద్రుడు గాలికి అవతల, మన చెయ్యి ఇవతల. కరోనా వెలుగు సూర్యబింబం వెలుగులో పది లక్షల వంతు. చెయ్యి అడ్డుపెట్టినా పైనున్న గాలి మీద ఎండ పడుతూనే ఉంటుంది, ఆ పగటి ఆకాశపు నీలిమే కరోనాను మింగేస్తుంది. సూర్యుణ్ణి గమనించే మన అంతరిక్షనౌక ఆదిత్య-ఎల్1కి ఆ బాధ లేదు, అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉంది.

గాలి లేకపోతే సరిపోతుందా? దూరదర్శిని ముందు బిళ్ల అడ్డం పెడితే, సూర్యుడి అంచును ఆనుకున్న కరోనా కూడా దాని చాటున పడుతుంది. బిళ్లను చంద్రుడంత దూరాన నిలబెట్టలేం మరి. ఫ్రాన్సులో బెర్నార్డ్ లియో 1930 ప్రాంతంలో ఆ అడ్డును గొట్టం లోపలికి తెచ్చాడు. ముందు సూర్యబింబాన్ని ఏర్పడనిచ్చి, తర్వాత మూశాడు. ఈ రెండు పద్ధతుల్లో నా ఓటు లియోకే.

ఆదిత్యలో కరోనాను చూసే పరికరం వెల్క్ ఆ వంశానిదే. కానీ ఇది సూర్యుణ్ణి మూయదు, సాగనంపుతుంది. మొదటి అద్దం సూర్యుణ్ణీ కరోనానూ కలిపే రెండో అద్దం మీదికి పంపుతుంది. రెండో అద్దానికి నడిమధ్య కన్నం. సూర్యబింబం సరిగ్గా అందులోంచి దూరిపోతుంది. వెనక కాచుకున్న మూడో అద్దం దాన్ని అంతరిక్షంలోకి తోసేస్తుంది. కన్నం చుట్టూ పడ్డ కరోనా ఒక్కటే కెమెరాల దారి పడుతుంది. అంచు నుంచి సూర్యుడి వ్యాసార్ధంలో ఇరవయ్యో వంతు దూరం దాటితే చాలు, కనబడుతుంది.

ఇక మిగిలిన శత్రువు దుమ్ము. మొదటి అద్దం మీద నిండు ఎండ పడుతుంది. అక్కడ నలుసులుంటే, అవి చెదరగొట్టే వెలుగు కరోనాను కప్పేస్తుంది. అందుకే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లు వెల్క్‌ను హొసకోటెలో, ఘనపుటడుగు గాలిలో పదికి మించి ధూళి రేణువులుండని గదిలో కూర్చారు. హొసకోటె అంటే మాకు హోసూరు మీదుగా బెంగళూరు దాటితే వచ్చే ఊరే.

ఆదిత్య 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటలో పీఎస్ఎల్‌వీ రాకెట్ ఎక్కి, 2024 జనవరి 6న ఎల్1 అనే బిందువు చుట్టూ కక్ష్యలో చేరింది. అందులో వెల్క్‌కు తోడుగా మరో ఆరు పరికరాలున్నాయి.

వెల్క్ గమనించే వెలుగుల్లో 530.3 నానోమీటర్ల ఆకుపచ్చ గీత ఒకటి. 1869 గ్రహణంలో అది కనబడినప్పుడు కొత్త మూలకమనుకుని కరోనియం అన్నారు. 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుమని తేలడానికి ఇంచుమించు 70 ఏళ్లు పట్టింది. ఇనుమును అంతలా ఒలవాలంటే పది లక్షల డిగ్రీలు దాటిన వేడి కావాలి. సూర్యుడి ఉపరితలమేమో ఆరు వేల డిగ్రీల లోపే. పైనున్న కరోనాకు అంత వేడి ఎలా వచ్చిందన్న తగువు ఇంకా తెగలేదు.