నీటి నాపి ఆవిరిని విడుచు వస్త్రము

వానలో రబ్బరుకోటు తొడిగికొని కొంతదూరము వడిగా నడచినవారికి ఒక వింత యనుభవమునకు వచ్చును. వెలుపలి వాన లోనికి రాదు. కాని కోటు విప్పిన పిమ్మట లోని చొక్కా తడిసియే యుండును. ఆ తడి వానది కాదు, చెమటది. 1823లో చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల నడుమ రబ్బరు పూసి వానకోటు గుడ్డకు పేటెంటు పొందినది మొదలు శతాబ్దమునకు పైగా ఈ చిక్కు తీరలేదు.

చెమట ఆవిరియైననే శరీరము చల్లబడును. ఒక లీటరు చెమట ఆవిరియైనచో దాదాపు 580 కిలోకేలరీల వేడి మనలను వీడిపోవును. ఎండలో కష్టించువానికి గంటకు లీటరు చెమట పట్టుట అరుదు కాదు. ఆ ఆవిరికి దారి లేనిచో దేహము వేడెక్కును. బూట్లలోని పాదములు నాని పొక్కిపోవును.

నీరు చొరరాదు, ఆవిరి పోవలెను. రెండును నీరే గదా, ఒకదాని నాపి వేరొకదాని విడుచుట యెట్లు? చినుకు ఎంత సన్ననిదైనను లెక్కలేనన్ని అణువుల ముద్ద. ఆవిరిలో అణువులు విడివిడిగా సంచరించును. మిల్లీమీటరులో వెయ్యవ వంతు వెడల్పుగల రంధ్రము చినుకునకు మిక్కిలి ఇరుకు, అణువునకు మిక్కిలి విశాలము.

రంధ్రము చిన్నదైన మాత్రమున చాలదు. మంచినీళ్ల కూజాకును సూక్ష్మరంధ్రములు కలవు. అయినను అది చెమర్చును. మట్టి నీటిని పీల్చుకొనుటయే కారణము. తామరాకునకు నీరంటదు. మనకు కావలసిన పూత రంధ్రములలో కూజాను, గుణములో తామరాకును పోలియుండవలెను.

అట్టి పూతను చేయు పద్ధతులలో ముఖ్యమైనది ఇది. పాలీయురేథేన్ అను పాలిమరును డైమిథైల్ ఫార్మమైడ్ అను ద్రవములో కరగించి, ఆ చిక్కని పాకమును గుడ్డపై పలుచగా పరచి, గుడ్డను నీటితొట్టిలో ముంచుదురు. ఆ ద్రవము నీటితో సులభముగా కలియును. పాలిమరు నీటిలో కరగదు. నీరు లోనికిని, ద్రవము వెలుపలికిని పోవుచుండగా, పులుపు పడిన పాలు విరిగినట్లు, పాలిమరు విడివడి వలవలె గట్టిపడును. ద్రవమును నీరును నిలిచిన తావులే, కడిగి ఆరబెట్టిన పిదప రంధ్రములగును.

ఇందు నేర్పంతయు వేగమును అదుపు చేయుటలో నున్నది. తొట్టిలో నున్నది వట్టి నీరైనచో పాలిమరు త్వరగా విరిగి, లోపల పెద్ద గుల్లలేర్పడును. నీటిలో ముందే కొంత ద్రవము కలిపినచో మార్పు నెమ్మదించి, రంధ్రములు సన్నముగా సమముగా వచ్చును.

ఇట్టి రంధ్రముల పూతతో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ 1960 దశకపు తొలినాళ్లలో కార్ఫామ్ అను కృత్రిమచర్మమును బూట్లకై వెలువరించెను. అది ఆవిరిని విడిచెను, నీటికి చెడలేదు. కాని తోలువలె నానాటికి సాగి పాదమున కనువుగా అమరలేదు. 1971లో సంస్థ దానిని విరమించెను. ఊపిరాడుట యొక్కటియే తోలు గుణము కాదని అప్పుడు తేలినది.

ఈ వస్త్రములకు ఒక హద్దు కలదు. లోపలి గాలిలో ఆవిరి యెక్కువగాను, వెలుపల తక్కువగాను ఉన్నప్పుడే అది బయటికి సాగును. చలిదేశములలో నిది చక్కగా పనిచేయును. మన కోస్తాలో వానకాలపు గాలియే వెచ్చగా చెమ్మగా నుండుటచే ఫలము తగ్గును. సబ్బు, జిడ్డు పూతలో నిలిచినచో దానికి తామరాకు గుణము పోవును. కావున ఉతికిన పిమ్మట నీటితో బాగుగా జాడింపవలెను.

మరువరాని దింకొకటి కలదు. డైమిథైల్ ఫార్మమైడ్ చర్మముగుండ, శ్వాసగుండ లోనికి పోయి కాలేయమును చెరచును. దానిని వాడు చోట కార్మికులు పీల్చు గాలిలో దాని పాలునకు హద్దు విధించుచు ఐరోపా సమాఖ్య 2021లో నిబంధన చేసెను. ఆ ద్రవము లేకుండ, నీటిలో కలిపిన పాలీయురేథేన్‌ను నురుగు వచ్చునట్లు గిలకొట్టి గుడ్డపై పరచి ఆరబెట్టు పద్ధతియు నేడు వాడుకలో నున్నది. తొడుగువాని సుఖమునకై చేయు వస్త్రము చేయువాని ఆరోగ్యమును హరింపరాదు గదా!