మల్లీశ్వరి కంచు పతకం: సగం తెలిసిన మాటలు

మా ఉత్తరాంధ్రలో బలం అనగానే వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడి పేరే ముందు తలుస్తారు. ఆ పేరు పక్కనే ఉండాల్సిన వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి గురించి మాత్రం సగం తెలిసిన మాటలే తిరుగుతున్నాయి. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ సైనా అనో, సింధు అనో చెప్పే పిల్లలూ ఉన్నారు. వాళ్లిద్దరి తొలి ఒలింపిక్ పతకాలు 2012, 2016 నాటివి. మల్లీశ్వరిది 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటిది.

అపోహ: ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ అప్పుడే మొదలైంది కాబట్టి ఆమెకు పతకం తేలిగ్గా దక్కింది.

వాస్తవం: ఒలింపిక్స్‌లోకి వచ్చింది సిడ్నీలోనే, నిజమే. కానీ మహిళల ప్రపంచ పోటీలు 1987 నుంచీ ఉన్నాయి. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న శిక్షణలో బరువులు పట్టిన మల్లీశ్వరి 1994, 1995లలో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. సిడ్నీకి వచ్చేసరికి 69 కిలోల విభాగానికి మారారు. ఒళ్లు చేసింది, ఇక ఆమె పని అయిపోయిందని పెదవి విరిచినవాళ్లు ఈ ఆటను అర్థం చేసుకోలేదు. పై విభాగానికి వెళ్లడమంటే ఇంకా బరువైన ప్రత్యర్థులతో తలపడడం.

అపోహ: కంచే కదా, బంగారానికి ఆమడ దూరం.

వాస్తవం: సెప్టెంబర్ 19న ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తారు. మొత్తం 240 కిలోలు. బంగారం గెలిచిన చైనా లిఫ్టర్, రజతం గెలిచిన హంగరీ లిఫ్టర్ ఇద్దరూ ఎత్తింది 242.5. అప్పటి నిబంధన ప్రకారం మొత్తం సమానమైతే ఒంటి బరువు తక్కువున్నవారిదే పైచేయి కాబట్టి బంగారం చైనాకు వెళ్లింది. మల్లీశ్వరి ఆఖరి ప్రయత్నానికి బార్ మీద పెట్టించింది 137.5 కిలోలు. అది నిలిచి ఉంటే మొత్తం 247.5, బంగారం మనదే. నిలవలేదు. కంచు ఖాయమైంది కదాని చిన్న బరువుతో సరిపెట్టుకోకుండా బంగారానికే గురిపెట్టిన ఆ ప్రయత్నం నాకు పతకమంత విలువైనది.

అపోహ: బరువులెత్తితే ఆడపిల్లకు కడుపు పండదు.

వాస్తవం: ఈ మాట ఎందరు పిల్లల్ని వ్యాయామశాల గుమ్మం దగ్గరే ఆపేసిందో! మల్లీశ్వరి సిడ్నీ తర్వాత 2001లో తల్లయ్యారు, 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లోనూ దిగారు.

ఆమెతోనే అంతా అయిపోయిందనే మాటా నిజం కాదు. విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. ముందు కంచు ఇచ్చారు. మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా లిఫ్టర్ డోపింగ్‌లో దొరికిపోవడంతో అది రజతమైంది.