‘అయొడైజ్డ్’ విశేషణం: వ్యుత్పత్తి, అర్థం, తెలుగు సమానార్థకాలు

ఉపోద్ఘాతం:
జువ్వలదిన్నె ఉన్న నెల్లూరు తీరంలో ఇసకపల్లి వంటి చోట్ల సముద్రజలాన్ని మళ్ళలో ఎండగట్టి ఉప్పు పండిస్తారు. సముద్రపుటుప్పు గనుక అందులో చాలినంత అయోడిన్ ఉంటుందనుకోవడం సహజం. వాస్తవం వేరు. సముద్రజలంలో అయోడిన్ లీటరుకు సుమారు 0.06 మిల్లీగ్రాములు మాత్రమే; ఉప్పు గడ్డకట్టేటప్పుడు అందులో అధికభాగం ఉప్పులో చేరదు. అందువల్ల పొటాషియం అయొడేట్‌ను వేరుగా కలుపుతారు. ఉప్పు పొట్లంపై కనిపించే ‘అయొడైజ్డ్’ అనే విశేషణం తెలియజేసేది ఈ చర్యనే. దానికి తగిన తెలుగు రూపమేదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

వ్యుత్పత్తి:
1811లో బెర్నార్డ్ కూర్త్వా సముద్రపు నాచు బూడిద నుండి ఈ మూలకాన్ని కనుగొన్నాడు. దాని ఆవిరి ఊదారంగులో ఉండటంచేత ఆ రంగును సూచించే గ్రీకు పదం నుండి ‘అయోడిన్’ పేరు ఏర్పడింది. దీనికి చేరిన ‘ఐజ్’ ప్రత్యయమూ గ్రీకు మూలమే. ఆంగ్లంలో అది ‘ఒకదానిగా మార్చు’, ‘ఒకదానిని చేర్చు’ అనే రెండర్థాలనూ ఇస్తుంది.

‘-ఈకృత’ రూపాలు:
రసాయనశాస్త్ర తెలుగులో ‘ఆమ్లీకృత’ వంటి విశేషణాలు పరిచితాలు. వీటికి ఆధారం పాణిని 5.4.50 సూత్రంలో విధించిన ‘చ్వి’ ప్రత్యయం. ప్రత్యయం లోపించి, దాని ముందున్న అకారం ఈకారమవుతుంది. అర్థం అభూతతద్భావం, అనగా ముందు అట్లు లేనిది అట్లు కావడం. ఆమ్లగుణం లేని ద్రావణం ఆమ్లగుణం పొందితే అది ‘ఆమ్లీకృతం’. ఇక్కడ అర్థం సరిపోయింది. ఇదే పద్ధతిలో ‘అయోడీకృత’ అంటే ‘అయోడిన్‌గా మారిన’ అనే అర్థం వస్తుంది. కాని ఉప్పు సోడియం క్లోరైడ్‌గానే ఉంటుంది.

‘యుక్త’, ‘కలిపిన’:
‘అయోడిన్‌యుక్త’ తృతీయా తత్పురుష సమాసం. అయోడిన్‌తో కూడినదని అర్థం. ఈ దోషం ఇందులో లేదు. అయితే ఆ కూడిక సహజమా, కృతకమా అన్నది సమాసం చెప్పదు. తీరప్రాంత పాఠకునికి తెలియవలసినది సరిగ్గా అదే. ‘అయోడిన్ కలిపిన’ అన్న క్రియాజన్య విశేషణంలో కలపడమనే చర్య, ఉప్పు ఉప్పుగానే నిలవడం రెండూ స్ఫురిస్తాయి.

ముగింపు:
భారతదేశంలో 1962లో ప్రారంభమైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం 1992లో అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా పేరు మార్చుకుంది. ఆరోగ్యంతో ముడిపడిన ఇటువంటి పదానికి గాంభీర్యం కన్న స్పష్టత ముఖ్యం. గుణపరిణామాన్ని చెప్పేచోట ‘-ఈకృత’ను, పదార్థాన్ని చేర్చామని చెప్పేచోట ‘కలిపిన’ను వాడటం సమంజసం.