గాలి అద్దం వెనక

సింగపూరులో మోటారుసైకిలు కొనేవాడు బండి ఒక్కటే కొనుక్కోడు. దాన్ని పదేళ్ళ పాటు రోడ్డు మీద తిప్పుకునే హక్కు కూడా కొనుక్కోవాలి. ఆ హక్కు పేరు సి.ఓ.ఇ. పదేళ్ళు నిండగానే బండిని తుక్కు కింద పంపెయ్యాలి, లేదా అప్పటి ధర కట్టి మరో ఐదేళ్ళకో పదేళ్ళకో పొడిగించుకోవాలి. 2022లో మోటారుసైకిలు సి.ఓ.ఇ. ధర 10,000 డాలర్లు దాటింది. కనక పొడిగింపు అనేది ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవలసిన విషయం. మా ఇంట్లో ఆ ప్రస్తావన వచ్చిన రోజున మా ఆవిడ ఒక్కటే మాట అంది. "మీ చెవి సంగతి తేలేదాకా నేను ఊఁ అనను."

చెవి సంగతి ఇదీ. మేముండేది సెంగ్‌కాంగ్‌లో. నా ఉద్యోగం తువాస్‌లో. ఒకటి ఈ ద్వీపానికి ఈశాన్యాన ఉంటే రెండోది పడమటి కొసన ఉంది. టాంపినీస్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి, సెలెటార్ ఎక్స్‌ప్రెస్‌వేలోకి మళ్ళి, బుకిత్ తీమా, క్రాంజి మీదుగా పోతే దాదాపు 40 కిలోమీటర్లు. నా బండి హోండా సూపర్ ఫోర్, 400 సీసీ. ముందు ఒక గుండ్రటి దీపం తప్ప గాలికి అడ్డుపడేది ఏమీ లేని బండి. సాయంత్రం ఇంటికొచ్చి హెల్మెట్ తీశాక ఎడమ చెవిలో కీచురాయి కూసినట్టు గంటసేపు ఒకటే రొద. ఆదివారాలు రాజమండ్రి నుంచి నాన్నగారు ఫోను చేస్తే నాకు తెలియకుండానే ఫోనుని కుడి చెవికి మార్చుకుంటున్నానని కనిపెట్టింది మా ఆవిడే. డాక్టరు పరీక్షలు చేసి, లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు మనుషుల్లో ఒకసారి పోతే మళ్ళీ మొలవవని చెప్పారు. వేగం గంటకు 70 కిలోమీటర్లు దాటాక హెల్మెట్ లోపల మనం వినేది చాలావరకు ఇంజను మోత కాదట, గాలి మోత. 100 దగ్గర అది 90 డెసిబెళ్ళని సులువుగా దాటుతుంది.

గాలి తగలకుండా ముందు ఒక అడ్డు పెట్టిస్తే సరిపోతుందనుకున్నాను. విండ్‌షీల్డుకి తెలుగులో స్థిరపడిన మాట నాకు తట్టలేదు. గాలి అద్దం అందాం. అది నిజానికి అద్దం కాదు, ప్లాస్టిక్కే. మా చిన్నప్పుడు మా వీధిలో ఒక ఇంజనీరుగారి స్కూటరుకి అలాంటిది ఉండేది. ఎండకి పసుపుపచ్చగా మారిపోయి, దాని వెనక ఆయన మొహం ఎప్పుడూ కామెర్లొచ్చిన మొహంలా కనిపించేది.

మా ఆఫీసులో విశాఖపట్నం నుంచి వచ్చిన ఒకాయనది సరిగ్గా నా బండే. ఆయన పెట్టించుకున్న గాలి అద్దాన్ని తెగ మెచ్చుకున్నాడు. పెట్టించాక స్వర్గంలో ఉన్నట్టుందన్నాడు. నేనూ అదే రకం, అంతే ఎత్తుది కొని బిగించుకున్నాను. మర్నాడు టాంపినీస్ ఎక్స్‌ప్రెస్‌వే మీద 90కి వచ్చేసరికి ఛాతీ మీద గాలి నిజంగానే ఆగిపోయింది. కానీ తల మొదలెట్టింది. ఎవరో హెల్మెట్‌ని రెండు చేతులా పట్టుకుని ఊపుతున్నట్టుంది. పైనున్న బోర్డుల మీద అక్షరాలు రెండేసిగా కనిపించాయి. ఆ శనివారం వెనక కూర్చున్న మా ఆవిడ, దిగగానే తనకు దారంతా మొట్టికాయలు పడ్డాయని చెప్పింది. మా అమ్మాయి కిందకి వచ్చి చూసి, "నాన్నా, ఇది ఆటోలా ఉంది" అని వెళ్ళిపోయింది. డబ్బులు పోయాయి, చెవి రొద పెరిగింది, బండి అందమూ పోయింది.

తప్పు బిగింపులో ఉందనుకుని మరలు విప్పి మళ్ళీ బిగించాను. ఎడమ పక్క ఒక మిల్లీమీటరు తేడా ఉందనిపించి సరిచేశాను. హెల్మెట్ మార్చాను. ఏం చేసినా ఊపు తగ్గలేదు.

నూరేళ్ళ కిందట జర్మనీలో గోటింగెన్‌లో ఒక పరిశోధక విద్యార్థికి ఇదే అవస్థ వచ్చింది. పారే నీళ్ళలో గుండ్రటి స్తంభాన్ని నిలబెట్టి, దాని చుట్టూ పీడనం కొలవమని ప్రాంట్ల్ అతనికి పని అప్పగించాడు. స్తంభం వెనక నీళ్ళు నిలకడగా పారకుండా అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాయి. స్తంభం సరైన గుండ్రంగా లేదేమోనన్నారు, అతను దాన్ని సానపట్టాడు. కాలువ సమంగా లేదేమోనన్నారు, దాన్నీ సవరించాడు. అయినా ఊగుతూనే ఉంది. అదే చోట పనిచేస్తున్న థియొడోర్ వాన్ కార్మాన్ రోజూ పొద్దున్నే వచ్చి ఊగడం ఆగిందా అని అడిగేవాడట, అతను లేదని దిగులుగా తల ఊపేవాడట. ఎంత సవరించినా ఊగుతోందంటే అది పనితనంలో లోపం కాదు, ప్రవాహం స్వభావమే అయి ఉండాలని కార్మాన్‌కి తట్టింది. స్తంభానికి ఒకసారి కుడి పక్క నుంచి, ఒకసారి ఎడమ పక్క నుంచి సుళ్ళు వంతులవారీగా ఊడిపోతాయని 1911-12లో లెక్క కట్టి చూపించాడు. ఆ సుళ్ళ వరసని కార్మాన్ సుడి వీధి అంటున్నారు.

గోదావరి ఒడ్డున పెరిగిన వాళ్ళకి ఇది కార్మాన్ చెప్పేదాకా తెలియని సంగతేమీ కాదు. వరద రోజుల్లో వంతెన మీద నిలబడి స్తంభం దిగువ వైపుకి చూడండి. ఎర్రటి నీళ్ళలో ఒక సుడి కుడి పక్కన పుట్టి కొట్టుకుపోతుంది, ఆ వెంటనే ఎడమ పక్కన ఇంకొకటి. స్తంభానికి ఎదురుగా వచ్చే నీళ్ళు ఎంత జోరుగా ఉన్నా ఒక పద్ధతిలో వస్తాయి. గందరగోళమంతా స్తంభం వెనకే. గాలి అద్దం వంతెన స్తంభమైతే, దాని వెనక సుళ్ళలో తల పెట్టి కూర్చున్నవాణ్ణి నేను.

కొంచెం లెక్క చూద్దాం. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. ఆ వేగంలో గాలి ఒక చదరపు మీటరు మీద చూపించే ఒత్తిడి సుమారు 375 పాస్కళ్ళు. ఛాతీ మీద అది ఇంచుమించు 15 కిలోల బరువు ఆనించినట్టు. హెల్మెట్ చిన్నది, నున్నటిది కాబట్టి దాని మీద పడేది కిలో పైచిలుకే. కిలో బరువుని మెడ పొద్దస్తమానం మోయగలదు. కానీ ఆ కిలోని సెకనుకు పదిసార్లు పెట్టి తీస్తుంటే? సుళ్ళు ఎంత తొందరగా ఊడిపోతాయో చెప్పే సూత్రం స్ట్రౌహల్ అనే చెక్ శాస్త్రవేత్త పేరు మీద ఉంది. ఆయన 1878లో గాలికి తీగలు ఎందుకు పాడతాయో పరిశోధించాడు. 40 సెంటీమీటర్ల వెడల్పున్న అద్దానికి ఆ సూత్రం వేస్తే సెకనుకు 9, 10 సుళ్ళు వస్తాయి. మోటు లెక్కే, వంపు తిరిగిన అద్దం చదును రేకు కాదు. అయినా నా మెడకి తెలిసిన సంఖ్య అదే. అంటే నన్ను కొడుతున్నది గాలి కాదు, విరిగిన గాలి. అద్దం లేనప్పుడు నా బాధ మోత ఒక్కటే. అద్దం పెట్టాక మోతకి ఈ బాదుడు తోడయింది.

మరి విశాఖ మిత్రుడికి స్వర్గం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆయన ఆరడుగుల మనిషి, నేను ఐదడుగుల ఐదంగుళాలు. అద్దం పై అంచు నుంచి గాలి పైకి లేచి వెనక్కి పోతున్నప్పుడు, పైనున్న జోరు గాలికీ కిందనున్న మందగాలికీ మధ్య ఒక కల్లోలపు పొర ఏర్పడుతుంది. అంచు నుంచి వెనక్కి పోయేకొద్దీ ఆ పొర మందం పెరుగుతుంది. తల ఆ పొరకి పైనుంటే తగిలేది శుభ్రమైన గాలి. అడుగునుంటే ప్రశాంతం. సరిగ్గా అందులోనే ఉంటే బాదుడు. కూర్చున్నప్పుడు ఆయన తల నా తల కంటే ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు ఎత్తున ఉంటుంది. ఒకే బండి, ఒకే అద్దం. ఆయన తల పొర దాటింది, నాది అందులో ఇరుక్కుంది. అద్దాల గురించి ఇంకొకరి మాట మీద ఎందుకు ఆధారపడకూడదో నాకు అప్పుడు బోధపడింది. కళ్ళజోడు అరువు తెచ్చుకున్నట్టే అది.

పరీక్ష సులువు. ఆదివారం పొద్దున్న రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ముందు లారీ గానీ బస్సు గానీ లేకుండా చూసుకుని (వాటి వెనక గాలి ముందే విరిగి ఉంటుంది), 90 దగ్గర నిలకడగా పోతూ మెడ నిక్కించాను. సుమారు 8 సెంటీమీటర్లు పైకి లేవగానే ఊపు ఆగి ఒకే తీరు హోరు వినిపించింది. తరవాత వంగాను. 10 సెంటీమీటర్లు దిగేసరికి నిశ్శబ్దం. అంటే నాకు కావలసినది 8 సెంటీమీటర్లు పొట్టి అద్దం, లేదా 10 సెంటీమీటర్లు పొడుగుది. పొడుగుదైతే దారిని దాని లోంచే చూడాలి. ఈ ఊరి వానలో, వైపర్ లేని ప్లాస్టిక్ లోంచి, రాత్రిపూట ఎదురు దీపాల వెలుగులో అది నా వల్ల కాదు. పైగా హ్యాండిలుకి బిగించిన పెద్ద అద్దం తెరచాపలా పనిచేస్తుంది. తువాస్ వంతెన మీద పక్కగాలి కొడితే చక్రాన్నీ తిప్పుతుంది. ఆటో పోలిక మళ్ళీ చెప్పక్కర్లేదు. కనక పొట్టిదే.

ఇంకొక చిన్న పని చేశాను. అద్దం లోపలి వైపు నాలుగు ఊలు దారాలు అంటించి నడిపి చూశాను. దారాలు నా వైపుకి ఎగరాలి కదా? అవి ముందుకి, అద్దం వైపుకి వాలాయి! అద్దం వెనక గాలి పలచబడి, చుట్టుపక్కల గాలిని వెనక నుంచి లోపలికి లాక్కుంటోందన్నమాట. పైపొరని కిందికి, తల మీదికి గుంజేదీ ఆ లోటే. దీనికి మందు మన వాళ్ళకి తెలిసినదే. ఎన్నికలప్పుడు రోడ్డుకి అడ్డంగా కట్టే గుడ్డ బేనర్లకి అర్ధచంద్రాల్లా కోతలు పెడతారు గుర్తుందా? అలాగే అద్దానికీ దీపానికీ మధ్య కాస్త సందు వదిలితే కింద నుంచి కొంత గాలి లోపలికి వచ్చి ఆ లోటు పూడుస్తుంది. మా బ్లాకు పక్కన హార్డ్‌వేర్ కొట్లో రబ్బరు వాషర్లు, కొంచెం పొడుగు మరలు కొన్నాను. అద్దాన్ని 12 మిల్లీమీటర్లు ముందుకి జరిపి బిగించాను. అన్నీ కలిపి ఐదు డాలర్లు కాలేదు.

కాకీ బుకిత్‌లో దొరికిన పొట్టి అద్దం పొగరంగుది. పైనుంచి చూస్తాం కాబట్టి రంగు వల్ల చూపుకి ఇబ్బంది లేదు. అందం గురించి నాకు తోచినది ఒకటే. అద్దం వాలు ముందు ఫోర్కు వాలుతో కలిస్తే బండితో పుట్టినట్టుంటుంది, నిటారుగా ఉంటే తరవాత తగిలించినట్టుంటుంది. 1976లో బి.ఎం.డబ్ల్యు. వాళ్ళ ఆర్ 100 ఆర్.ఎస్. ముందు కవచాన్ని ఇటలీలో పినిన్‌ఫరీనా గాలి సొరంగంలో పెట్టి మలిచారు. ఇప్పటికీ దాన్ని చూస్తే కళ్ళు తిప్పుకోలేం. అంతకు ముందు 1971లో అమెరికాలో క్రెయిగ్ వెట్టర్ చేసిన విండ్‌జామర్ కవచం ఎంత గొప్పగా పనిచేసినా నాకు మాత్రం బీరువాని గుర్తుచేస్తుంది. అభిమానులు మన్నించాలి.

కొనేముందు ఒకటి రెండు చూసుకోవాలి. బండికి ఏ మార్పు చేసినా ఎల్.టి.ఏ. నియమాలకి లోబడి ఉండాలి. ఇక్కడ మూడేళ్ళు దాటిన బండికి ఏటేటా తనిఖీ ఉంటుంది. టోలు వసూలు చేసే ఓ.బి.యు. హ్యాండిలు దగ్గరే ఉంటుంది కాబట్టి పూర్తిగా తిప్పినప్పుడు అద్దం దానికి తగలకూడదు. పాలీకార్బొనేట్ పగలదు గానీ గీతలు పడుతుంది. అమ్మోనియా కలిసిన గాజు తుడిచే మందుతో తుడిస్తే సన్నటి బీటలొస్తాయి. నీళ్ళూ, కొంచెం సబ్బూ చాలు.

తరవాత ఒక సెలవు రోజున మలక్కా వెళ్ళివచ్చాం. మలేషియా హైవే మీద 110 దాకా పోనిస్తారు. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 90 నుంచి 110కి వెళ్తే దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. తల ఊగలేదు. మా ఆవిడకి మొట్టికాయలు పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడు ఒకటి రెండు పడ్డాయట. మోత కూడా పోలేదు. శుభ్రమైన గాలికీ హోరు ఉంటుంది. అందుకని డాక్టరు సలహా మీద నురుగు బిరడాలు చెవుల్లో పెట్టుకుంటున్నాను. సాయంత్రం రొద ఇప్పుడు గంటసేపు ఉండటం లేదు. బట్టలు మార్చుకునే లోపల పోతోంది. ఎడమ చెవిలో పోయినది మాత్రం పోయినట్టే ఉంది.

సి.ఓ.ఇ. పదేళ్ళకి కాదు, ఐదేళ్ళకే పొడిగించాం. ఆ బేరం మా ఆవిడది. పొడుగు అద్దం ఇంకా స్టోరు గదిలో బియ్యం డబ్బా వెనక ఉంది. నా కంటే ఎనిమిది సెంటీమీటర్లు పొడుగైన వాళ్ళెవరైనా వస్తే ఉచితంగా ఇచ్చేస్తాను.